యుద్ధకాలపు కాంక్రీట్ బంకర్లను యూరప్‌లో ఇంకా ఎందుకు కూల్చలేదు?

వాటిని పగలగొట్టేంత పేలుడు పదార్థం వాడితే చుట్టుపక్కల ఇళ్లు, రోడ్లు కూడా దెబ్బతింటాయి, ఖర్చూ విపరీతం. అందుకే రెండో ప్రపంచ యుద్ధం నాటి బంకర్లు చాలాచోట్ల అలాగే మిగిలిపోయాయి.

మన ఇంటి గోడ తొమ్మిది అంగుళాలుంటే గట్టిదే అంటాం. నార్వే నుంచి ఫ్రాన్స్ దాకా సముద్రతీరంలో జర్మన్లు కట్టిన బంకర్లలో చాలావాటికి గోడలు, పైకప్పు 2 మీటర్ల మందం. లోపల దట్టంగా ఇనుప చువ్వలు. కాంక్రీట్ పగిలినా ఆ చువ్వలు ముక్కల్ని వదలవు. అసలు బాంబును తట్టుకోవడానికే కట్టినవి కదా!

బెర్లిన్‌లోని హుంబోల్ట్‌హైన్ పార్కునే చూడండి. విమానాలను కూల్చే ఫిరంగుల కోసం అక్కడ కట్టిన టవర్‌ను యుద్ధం ముగిశాక ఫ్రెంచ్ సైన్యం పేల్చింది. దక్షిణం వైపు కూలింది. ఉత్తరం వైపు పక్కనే రైలు పట్టాలు ఉండటంతో వదిలేశారు. శిథిలాల మీద మట్టి పోసి గుట్ట చేశారు. లోపలికి ఇప్పుడు గైడ్‌తో వెళ్లొచ్చు, చలికాలంలో తప్ప. అప్పుడు అక్కడ గబ్బిలాలు నిద్రపోతుంటాయి.

ఇంత గట్టి కట్టడం కాబట్టి ఏ పాత బంకర్లోకైనా ధైర్యంగా దూరొచ్చని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. తుప్పు పట్టిన చువ్వలు ఉబ్బి, పైకప్పు పెచ్చులు ఊడిపడతాయి. చీకట్లో మూతల్లేని గుంతలుంటాయి. ఫ్రాన్స్ తీరంలోనైతే కింద ఇసుక కొట్టుకుపోయి బంకర్లకు బంకర్లే ఒరిగిపోయాయి.