పన్ను పీకించాలంటే గుండె మాత్రలు ఆపాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. ఎనిమిది నెలల కిందట గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75, కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ 40, బీపీకి ఆమ్లోడిపిన్ 10, షుగర్‌కి గ్లిమెపిరైడ్-మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. కింది దవడలో ఒక పన్ను పుచ్చిపోయింది, తీసేయాలన్నారు. రక్తం పలచబడే మాత్రలు ఐదు రోజులు ఆపి రమ్మన్నారు. ఆపొచ్చా? ముందు పళ్ల మధ్య చిగుళ్లు కూడా ఉబ్బుతున్నాయి. అమ్మ ఎముకల బలానికి అలెండ్రోనేట్ మాత్ర ఐదేళ్లుగా వారానికొకటి వేసుకుంటోంది. ఆమెకూ ఒక పన్ను తీయాలట.
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ అంతట మీరు ఒక్క రోజు కూడా ఆపొద్దు. గుండెపోటుకి స్టెంట్ వేశాక రక్తం పలచబడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి మామూలుగా ఏడాది పాటు వాడిస్తారు. మధ్యలో ఆపితే స్టెంట్ లోపలే రక్తం గడ్డకట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. పన్ను పీకిన చోట రక్తం కారితే అది కంటికి కనిపిస్తుంది, నొక్కిపెట్టి ఆపొచ్చు. స్టెంట్ మూసుకుపోతే ఆ వెసులుబాటు ఉండదు. ఐదు రోజులు ఆపమనడం పాత అలవాటు. ఒకటి నుంచి మూడు పళ్ల దాకా మామూలుగా పీకే పనైతే రెండు మాత్రలూ కొనసాగిస్తూనే చేయాలన్నది ఇప్పటి పద్ధతి. దంతవైద్యుడికి ఇంకా సందేహముంటే ఆయన్నే మీ గుండె డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడమనండి.

రక్తం మామూలు కంటే కాస్త ఎక్కువసేపు ఊరుతుంది, నిజమే. దానికి తగ్గ ఏర్పాట్లున్నాయి. పన్ను తీసిన గుంతలో కరిగిపోయే జెలటిన్ స్పాంజి పెట్టి, పైన కుట్టు వేసి, గాజ్ గుడ్డ (గాయాలకు వాడే పలుచటి గుడ్డ) మీద అరగంట గట్టిగా కరిచి ఉండమంటారు. అవసరమైతే ఆ గుడ్డను రక్తం కారడం ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షన్ మందులో తడిపి పెడతారు. ఇదే మందును మాత్రగా మింగించడం వేరు. స్టెంట్ ఉన్నవారికి గుండె డాక్టర్ని అడగకుండా ఇవ్వకూడదు. అపాయింట్‌మెంట్ ఉదయం పూట, వారం మొదట్లో తీసుకోండి. సాయంత్రం రక్తం మళ్లీ మొదలైనా క్లినిక్ తెరిచే ఉంటుంది. ఇంటికొచ్చాక 24 గంటలు పుక్కిలించడం, పదేపదే ఉమ్మడం, స్ట్రాతో తాగడం వద్దు. వీటివల్లే గుంతలో కట్టిన గడ్డ ఊడిపోతుంది. లాలాజలం కొద్దిగా ఎర్రగా ఉంటే కంగారు పడక్కర్లేదు. తాజా రక్తం నోరు నిండుతుంటే కొత్త గుడ్డ మడిచి అరగంట కరిచి ఉంచండి. అప్పటికీ ఆగకపోతే వెంటనే వెళ్లండి.

ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. టిఫిన్ తిని, మాత్రలన్నీ వేసుకునే వెళ్లాలి. పీకాక నోరు మొద్దుబారి తినలేకపోతే, గ్లిమెపిరైడ్ వేసుకున్నందుకు షుగర్ పడిపోతుంది. చల్లారిన రాగి జావ, మెత్తటి పెరుగన్నం సిద్ధంగా ఉంచండి. తర్వాతి పూట కూడా తినలేని పరిస్థితైతే ఆ మాత్ర వేయాలో వద్దో షుగర్ డాక్టర్ని అడగండి. నోరు మొద్దుబార్చే సూదిమందులో సాధారణంగా అడ్రినలిన్ కలిసి ఉంటుంది. గుండె జబ్బున్నవారికి దాన్ని మొత్తం 0.04 మిల్లీగ్రాములు దాటనివ్వకూడదని లెక్క. అడ్రినలిన్ 1:80,000 పాళ్లలో కలిసిన మందైతే సుమారు 3 మిల్లీలీటర్లు, ఒక పన్నుకి అది చాలు. ఆ రోజు బీపీ 180/110 దాటి ఉంటే పని వాయిదా వేస్తారు.

నన్నడిగితే అసలు ప్రమాదం పీకడంలో కన్నా తర్వాత చేతికిచ్చే మందుల చీటీలో ఎక్కువ. పంటి నొప్పికి మన దగ్గర నీళ్లలో కరిగే కీటోరోలాక్ బిళ్ల తెగ రాస్తారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారికి అది పనికిరాదు, కడుపులో రక్తస్రావం అవుతుంది. డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్ గుండెపోటు వచ్చినవారికి కూడదు. ఐబుప్రోఫెన్ అయితే ఆస్పిరిన్ పనికే అడ్డుపడుతుంది. నాన్నగారికి పారాసెటమాల్ 650 ఆరు గంటలకొకటి, రోజుకు నాలుగుకి మించకుండా చాలు. లివర్ జబ్బుంటే ముందే చెప్పాలి. మందుల షాపులో ‘పంటి నొప్పి బిళ్ల’ అని అడిగి తెచ్చుకోవద్దు, అందులో సాధారణంగా ఈ మందుల్లోదే ఒకటి ఉంటుంది.

యాంటిబయాటిక్ అవసరమైతే, పెన్సిలిన్ ఎలర్జీ లేకుంటే అమోక్సిసిలిన్ సరిపోతుంది. క్లారిత్రోమైసిన్ రాస్తే అడ్డుచెప్పండి: అది అటోర్వాస్టాటిన్‌ను ఒంట్లో పేరుకునేలా చేసి కండరాలను దెబ్బతీస్తుంది, ఆమ్లోడిపిన్‌తో కలిసి బీపీని బాగా తగ్గిస్తుంది. గ్యాస్ మాత్ర ఇస్తే ఒమెప్రజోల్ బదులు పాంటోప్రజోల్ అడగండి. మొదటిది క్లోపిడోగ్రెల్ పనితనాన్ని తగ్గిస్తుంది. స్టెంట్ ఉందని ముందు జాగ్రత్తగా యాంటిబయాటిక్ వేయాల్సిన పనిలేదు. ఆ నియమం గుండెలో కృత్రిమ వాల్వు వంటివి ఉన్నవారికి.

వాల్వు మార్పించుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా వాడే ఎసిట్రోమ్, వార్ఫరిన్ మాత్రల సంగతి వేరు. వాటికి పీకే ముందు 24 గంటల్లోపు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే పరీక్ష) చూడాలి, 4 కన్నా తక్కువ ఉండాలి. పళ్ల డాక్టర్లు తరచూ రాసే మెట్రోనిడజోల్, నోట్లో ఫంగస్ పూతకిచ్చే మైకోనజోల్ జెల్ రెండూ ఆ ఐఎన్ఆర్‌ని ప్రమాదకరంగా పెంచేస్తాయి.

చిగుళ్ల ఉబ్బుకి ఆమ్లోడిపిన్ కారణం కావచ్చు, ముఖ్యంగా 10 మిల్లీగ్రాముల మోతాదులో. ముందు పళ్ల సందుల్లోనే మొదలవడం దాని తీరు. గార పేరుకున్న నోట్లో ఇది మరింత పెరుగుతుంది కాబట్టి ముందు స్కేలింగ్ (గార తీసి శుభ్రం చేయడం) చేయించండి. రెండు మూడు నెలల్లో తగ్గకపోతే మరో రకం బీపీ మాత్రకు మార్చడం గుండె డాక్టర్ చూస్తారు.

అమ్మగారి అలెండ్రోనేట్ ఎముకలో ఏళ్లపాటు నిలిచి ఉంటుంది. పీకే ముందు నాలుగు రోజులు ఆపినా ఒరిగేదేమీ లేదు. ఈ మాత్ర వాడేవారిలో పన్ను తీసిన చోట దవడ ఎముక మానకుండా బయటపడే ప్రమాదం చాలా అరుదు. నాలుగేళ్లు దాటి వాడినవారిలో కొంచెం పెరుగుతుంది. ముందు ఎక్స్‌రే తీయించి, రూట్ కెనాల్‌తో పన్ను నిలుస్తుందేమో చూడమనండి. నిలవకపోతే తీయించాల్సిందే, చీము పట్టిన పన్నును వదిలేయడం కూడా ఎముకకు హానే. తీశాక ఎనిమిది వారాలకీ గుంత పూడకుండా ఎముక కనిపిస్తుంటే నోటి శస్త్రచికిత్స నిపుణుడికి చూపించండి.

ఇద్దరినీ తీసుకెళ్లేటప్పుడు ‘బీపీ మాత్ర, షుగర్ మాత్ర’ అని నోటితో చెప్పకుండా మందుల షీట్లన్నీ ఒక కవర్లో వేసుకెళ్లి డాక్టర్ ముందు పెట్టండి.