మే నెలలో ఇంకిన బిందెడు నీళ్లు

ప్రశ్న: గుంటూరు శివారులో, పెదకాకాని వైపు మాకు 5 సెంట్ల స్థలం ఉంది. డ్రైనేజీ ఇంకా రాలేదు. సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీటికి పదడుగుల లోతున వరలు దించి ఇంకుడు గుంత కడదామని మేస్త్రీ గారు అంటున్నారు. మే నెలలో గొయ్యి తీయించి బిందెడు నీళ్లు పోయిస్తే పావుగంటలో ఇంకిపోయాయి. అయితే పక్క స్థలం వారి గుంత ఏటా వానాకాలంలో పొంగుతోంది. మా నేల పనికివస్తుందా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు చూసిన ఇంకుడును లెక్కలోకి తీసుకోకండి. మీ స్థలం నల్లరేగడి అయితే, మే నెలలో ఆ నేల నెర్రెలు విచ్చి ఉంటుంది; మీరు పోసిన నీరు మట్టిలోకి ఇంకలేదు, ఆ నెర్రెల గుండా జారిపోయింది. అదే మట్టి తడిసి ఉబ్బిన తర్వాత నెర్రెలు మూసుకుపోయి, నీటిని దాదాపు కదలనివ్వదు. పక్కవారి గుంత పొంగడానికి కారణం కూడా బహుశా ఇదే.

ముందుగా చేతితో చూడండి. పదడుగుల లోతు మట్టిని పిడికెడు తీసి, తడిపి, రెండు అరచేతుల మధ్య పేనండి. సన్నని తాడులా సాగి, వంచినా విరగకపోతే అది బంకమన్ను. పైన తోలించిన గ్రావెల్‌ను చూసి మోసపోవద్దు. మెరక చేసిన ప్లాట్లలో చాలామంది పరీక్షించేది కొనితెచ్చిన మట్టినే.

అసలు పరీక్ష భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 రెండో భాగంలో ఉంది. నీరు ఏ లోతున ఇంకాలో ఆ లోతు వరకు, 10 నుంచి 30 సెంటీమీటర్ల వెడల్పున గొయ్యి తీయాలి. తడి బంకమన్నులో గునపం, పార తగిలినచోట గోడలు అలికినట్టు నునుపెక్కుతాయి కనుక వాటిని కత్తితో గీరి, రాలిన మట్టిని తీసేసి, అడుగున 5 సెంటీమీటర్ల మందాన గరుకు ఇసుక పరచాలి. ఇసుకపై అడుగు ఎత్తున నీరు పోసి, రాత్రంతా నాననివ్వాలి. మీ మేస్త్రీ గారు వదిలేసింది ఈ నానబెట్టడాన్నే. నల్లరేగడిలో పరీక్షకు ప్రాణం అదే. మర్నాడు నీరు మిగిలి ఉంటే, మట్టాన్ని ఇసుకపై 15 సెంటీమీటర్లకు సరిచేసి, గొయ్యి మీద అడ్డంగా పెట్టిన కర్ర నుంచి స్కేలుతో కొలుస్తూ అరగంటలో ఎంత దిగిందో చూడాలి. నీరంతా ఇంకిపోయి ఉంటే మళ్లీ 15 సెంటీమీటర్లు నింపుతూ నాలుగు గంటలపాటు అరగంటకొకసారి కొలిచి, చివరి అరగంట లెక్కనే తీసుకోవాలి.

మట్టం 25 మిల్లీమీటర్లు దిగడానికి 30 నిమిషాలు మించకపోతే ఇంకుడు గుంత పనికివస్తుంది. 30 నుంచి 60 నిమిషాలైతే గుంత వద్దు, తక్కువ లోతులో పొడవైన కందకాలు తవ్వాలి. అరగంటలో 10 మిల్లీమీటర్లే దిగితే 25కు 75 నిమిషాలన్నమాట. అటువంటి నేలలో ఇంకించే ఆలోచన మానుకుని, ట్యాంకు తర్వాత కంకర గుండా నీరు కింది నుంచి పైకి ప్రవహించే ఫిల్టరు కట్టించడం మేలు. వరలు ఎంత లోతుకు దించినా బంకమన్ను బంకమన్నే.

వానాకాలంలో, కాలువలకు నీళ్లు వదిలిన తర్వాత, చుట్టుపక్కల బావుల్లో నీటిమట్టం ఎంత పైకి వస్తోందో కూడా అడిగి తెలుసుకోండి. అది భూమి పైనుంచి 180 సెంటీమీటర్ల లోపుకు వస్తుంటే, మట్టి ఎంత మంచిదైనా గుంత పనికిరాదు. తాగునీటి బావికి, గుంతకు మధ్య 18 మీటర్లు, అంటే సుమారు 59 అడుగులు ఉండాలని అదే ప్రమాణం చెబుతోంది. మీ స్థలం 36 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉందనుకుంటే, మీ బోరునే కాక పొరుగువారి బోర్లనూ లెక్కలోకి తీసుకుంటే ఆ దూరం దొరకడం కష్టం. విజయవాడలో కృష్ణ ఒడ్డున ఇసుక నేలల్లో ఇళ్లు కట్టుకునేవారికి ఈ దూరం మరింత ముఖ్యం. అక్కడ నీరు ఇంకకపోవడం కాదు, సరిగా వడకట్టకుండానే బోరులోకి చేరడం సమస్య.

మరొక మాట: నల్లరేగడిలో గుంత పునాదికి దగ్గరగా ఉంటే, ఆ తడికి మట్టి ఉబ్బి గోడలు పగులుతాయి. భాద్రపదంలో, నేల బాగా తడిసి ఉన్నప్పుడు పరీక్ష చేయించండి. అంతవరకు వరలకు అడ్వాన్సు ఇవ్వకండి.