ఫీజు కట్టలేక ఆట మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. షటిల్ బాగా ఆడుతుంది. మా ఆయన ఆటో నడుపుతారు. అకాడమీ ఫీజు రెండు నెలలుగా బాకీ. సాయం ఎక్కడ దొరుకుతుంది?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: చెప్పకుండా మాన్పించకండమ్మా. ముందు అకాడమీకి ఒక అర్జీ రాసివ్వండి. ఎంత కట్టగలరో అంకె వేసి రాయండి, "తగ్గించండి" అంటే ఎవరూ తేల్చరు. సచివాలయంలో తీసుకున్న ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు నకలు జత చేయండి.

నిజానికి ఫీజుకన్నా షటిళ్ల ఖర్చే ఇల్లు గుల్ల చేస్తుంది. ఈకల షటిల్ ఒక్కోసారి ఒక్క గేముకే విరిగిపోతుంది. రోజువారీ సాధనకు నైలాన్‌ది వాడనిమ్మని, ఈకలది మ్యాచ్‌కే ఉంచమని కోచ్‌ను అడగండి.

స్కూల్ పీఈటీని కలిసి స్కూల్ గేమ్స్ అండర్-14 ఎంపికలకు పేరు ఇవ్వండి. పై స్థాయి సర్టిఫికెట్ చేతిలో ఉంటే దాతల దగ్గర మాట చెల్లుతుంది. ఆధార్‌లో, జనన ధ్రువపత్రంలో, స్కూల్ రిజిస్టర్‌లో పేరు, పుట్టిన తేదీ ఒకటిగా ఉన్నాయా చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా ఉన్నా ఎంపిక రోజున తంటానే.

నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో శిక్షణ గురించి జిల్లా క్రీడా ప్రాధికార సంస్థలో కనుక్కోవచ్చు. కావలి నుంచి రోజూ వెళ్లిరావడం కష్టం, వేసవి శిబిరానికైతే సరే. కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం ఖేలో ఇండియా కింద నెలకు 10,000 రూపాయల భత్యం ఎంపికైన క్రీడాకారులకే. ఇప్పుడే దాన్ని నమ్ముకుని అప్పు చేయకండి.