రిపేరొచ్చిన బండి, తడిసిన టపాకాయ: ఇంగ్లిష్ మాటలపై మీ ప్రశ్నలు

ప్రశ్న: "మై బైక్ గాట్ రిపేర్డ్, ఐ విల్ బీ లేట్" అని ఆఫీసులో పైవాళ్లకు మెసేజ్ పెట్టాను. "బాగైంది కదా, మరి లేటెందుకు?" అని జవాబొచ్చింది. తప్పెక్కడ?
(ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: 'బండి రిపేరొచ్చింది' అంటే మనకు చెడిపోయిందని. ఇంగ్లిష్‌లో రిపేర్ అంటే చెడినదాన్ని బాగుచేయడం. 'గాట్ రిపేర్డ్' అనగానే మెకానిక్ పని పూర్తయి బండి మీ చేతికొచ్చిందని అవతలివాళ్లు అనుకుంటారు. దారిలో ఆగిపోతే 'మై బైక్ బ్రోక్ డౌన్' అనండి. ఇంటి ముందే మొరాయిస్తే 'ఇట్ వోంట్ స్టార్ట్'. షెడ్డులో ఉంటే 'ఇట్ ఈజ్ బీయింగ్ రిపేర్డ్'. రిపేర్‌కు సరైన చోటు ఇదొక్కటే. రాసేటప్పుడు బ్రేక్‌డౌన్ నామవాచకమైతే కలిపి ఒకే మాటగా, క్రియైతే విడదీసి రెండు మాటలుగా రాయాలి.

తెలుగులో 'పోయింది' అంటే చాలు, బల్బుకైనా బ్యాటరీకైనా సరిపోతుంది. ఇంగ్లిష్‌లో ఏ వస్తువు ఎలా ఆగిందన్నదాన్ని బట్టి క్రియ మారుతుంది. బ్యాటరీ 'డైస్', ఫ్యూజు 'బ్లోస్', యాప్ 'క్రాషెస్', సర్వర్ 'గోస్ డౌన్', పాలు 'గోస్ ఆఫ్'. ఇంజన్ దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. క్లచ్ తొందరగా వదిలేస్తే టక్కున ఆగిపోవడం 'స్టాల్'. మళ్లీ స్టార్ట్ చేస్తే సరిపోతుంది. ఆయిల్ అయిపోయి వేడెక్కి, పిస్టన్ సిలిండర్‌లో పట్టేస్తే 'సీజ్'. ఇక ఇంజన్ విప్పాల్సిందే, ఖర్చు వేలల్లో ఉంటుంది. ఇన్సూరెన్స్ కాగితాల్లో ఈ రెండింటినీ తారుమారు చేయకండి. పోలీసులు బండి పట్టుకుపోయినా 'సీజ్' అనే అంటాం కాబట్టి, ఇంజన్ అన్న మాట తప్పకుండా చేర్చండి.

ప్రశ్న: సినిమా పోతే డిజాస్టర్ అంటున్నారు. తుపానూ డిజాస్టరే. ఒకే మాటా?
(ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: ఒకే మాట. పుట్టింది ఇటాలియన్‌లో: 'దిస్' అంటే చెడు, 'ఆస్త్రో' అంటే నక్షత్రం. 'గ్రహచారం బాగాలేదు' అని మనవాళ్లు అనే మాటకు ఇంతకన్నా దగ్గరి చుట్టం దొరకదు. మామూలు సంభాషణలో వంట మాడినా, పెళ్లి చూపులు బెడిసినా ఇంగ్లిష్‌వాళ్లూ డిజాస్టర్ అంటారు కాబట్టి మన సినిమా వాడుక తప్పేమీ కాదు. సినీ పరిభాషలో ఫ్లాప్, అట్టర్ ఫ్లాప్, డిజాస్టర్ అని మెట్లు కట్టుకోవడం మాత్రం మన సొంత సరుకు. ఆ నిచ్చెనకు అందరికన్నా పైన, హిట్ల వైపు ఉండే బ్లాక్‌బస్టర్ నిజానికి బాంబు! రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేన వేసిన భారీ బాంబులకు, ఇళ్ల వరసను మొత్తంగా కూల్చేస్తాయని పత్రికలు పెట్టిన పేరది.

ఆఫీసు రాతలో మాత్రం అంత వదులుగా వాడకూడదు. 2005 నాటి మన విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం, నష్టం ఆ ప్రాంత ప్రజలు తట్టుకునే శక్తికి మించితేనే డిజాస్టర్. బంగాళాఖాతంలో తిరుగుతున్నంతసేపూ తుపాను 'హజర్డ్', అంటే పొంచి ఉన్న ముప్పు. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటి ఊరిని అతలాకుతలం చేశాక డిజాస్టర్ అయింది. నివేదికలు రాసేవారు ఈ రెండింటినీ కలిపేస్తే, ముందు జాగ్రత్త గురించి చెబుతున్నారో సహాయం గురించి చెబుతున్నారో చదివేవారికి తెలియదు.

ప్రశ్న: రాకెట్ విఫలమైతే ఫెయిల్యూర్ అనకుండా అనామలీ అంటారెందుకు? దాపరికమా?
(ఒక ఉపాధ్యాయుడు, సూళ్లూరుపేట)

జవాబు: కొంత మర్యాద, కొంత నిజం. ఉండాల్సిన కొలతకూ కనిపిస్తున్న కొలతకూ తేడా వస్తే అది అనామలీ. కారణం ఇంకా తెలియదన్నమాట. మీ ఊరి పక్కనున్న శ్రీహరికోట నుంచే ఉదాహరణ తీసుకుందాం. 2021 ఆగస్టు 12న జీఎస్ఎల్వీ ఎఫ్10 పైకి లేచింది, మొదటి రెండు దశలూ సరిగ్గానే పనిచేశాయి, అతి చల్లని ద్రవ ఇంధనంతో నడిచే పైనున్న క్రయోజెనిక్ దశ మండలేదు. ఆ రోజు ఇస్రో 'టెక్నికల్ అనామలీ' అంది. ద్రవ హైడ్రోజన్ ట్యాంకులో పీడనం చాలినంత లేదనీ, దానికి వాల్వ్ లీకేజీ కారణమనీ తర్వాత విచారణలో తేలింది. ఇప్పుడు మాటలు సర్దుకుంటాయి: లీకైన వాల్వ్ 'ఫాల్ట్', ఇంజన్ అంటుకోకపోవడం 'మాల్‌ఫంక్షన్', ఉపగ్రహం కక్ష్యకు చేరకపోవడం 'ఫెయిల్యూర్'. ఫాల్ట్ ఉన్నంతమాత్రాన ఫెయిల్యూర్ కావాలని లేదు. రెండో వాల్వో మరో సర్క్యూటో కాచుకుని ఉంటే గండం గడుస్తుంది. 2019 సెప్టెంబర్‌లో చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ విషయంలో విన్న 'హార్డ్ ల్యాండింగ్' మాత్రం పూర్తిగా మర్యాదే. చంద్రుడి మీద కూలిందని చెప్పే మెత్తని పద్ధతి అది.

ప్రశ్న: విదేశీ యూనివర్సిటీ దరఖాస్తులో 'ఐ గాట్ ఫెయిల్డ్ ఇన్ టూ సబ్జెక్ట్స్' అని రాయవచ్చా? బ్యాక్‌లాగ్స్ అంటే వాళ్లకు తెలుస్తుందా?
(ఒక బీటెక్ విద్యార్థి, ఒంగోలు)

జవాబు: 'గాట్' తీసేయండి. 'ఐ ఫెయిల్డ్ టూ సబ్జెక్ట్స్' చాలు. పరీక్ష ముందు 'ఇన్' అక్కర్లేదు: 'ఫెయిల్డ్ ది ఎగ్జామ్'. బ్యాక్‌లాగ్ అసలు అర్థం పొయ్యిలో వెనకవైపు పెట్టే పెద్ద మొద్దు. అది రానురాను పేరుకుపోయిన పనికి పేరైంది. మన విద్యార్థులను ఏటా చేర్చుకునే యూనివర్సిటీలకు మన అర్థమూ తెలుసు, దరఖాస్తులోనే అడుగుతాయి కూడా. మిగతా చోట్ల బ్యాక్‌లాగ్ బదులు విడమరచి రాయండి: 'ఫెయిల్డ్ టూ సబ్జెక్ట్స్ ఇన్ ది థర్డ్ సెమిస్టర్, పాస్డ్ బోత్ ఇన్ ది సప్లిమెంటరీ ఎగ్జామ్'. రెండో సగం వదిలేస్తే అవి ఇంకా మిగిలే ఉన్నాయనుకుంటారు.

ప్రశ్న: మా అమ్మాయికి వచ్చిన సంబంధం తప్పిపోయింది. అమెరికాలోని బంధువుకు 'మ్యారేజ్ ఫెయిల్డ్' అని రాస్తే కంగారుపడి ఫోన్ చేశాడు.
(ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: చేయడా మరి! పెళ్లై, కాపురం విచ్ఛిన్నమైతేనే 'ఫెయిల్డ్ మ్యారేజ్'. కుదరబోయి జారిపోయినదానికి 'ఫెల్ త్రూ' అనాలి. సంబంధానికే కాదు, స్థలం బేరానికైనా ఉద్యోగం ఆఫర్‌కైనా అదే.

ప్రశ్న: ఫియాస్కో, డెబాకిల్, షాంబుల్స్ మధ్య తేడా?
(ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: ఆర్భాటంగా మొదలై నలుగురిలో నవ్వులపాలైతే ఫియాస్కో. ఇటాలియన్ నాటకశాలల నుంచి వచ్చిన మాట, అక్షరార్థం సీసా. డెబాకిల్ ఫ్రెంచి మాట, గడ్డకట్టిన నది పగిలి మంచుగడ్డలతో విరుచుకుపడటం. చకచకా వికెట్లు పడి ఇన్నింగ్స్ కుప్పకూలితే అది నప్పుతుంది. షాంబుల్స్ ఒకప్పుడు మాంసం కోసే బల్లలు. యార్క్ నగరంలో ఆ పేరుతో ఇప్పటికీ ఒక వీధి ఉంది. ఎక్కడి వస్తువులు అక్కడ చెల్లాచెదురుగా పడి ఉంటే షాంబుల్స్.

ప్రశ్న: 'డ్యాంప్ స్క్విడ్' సరైన మాటేనా?
(ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: స్క్విబ్. అంటే చిన్న టపాకాయ. చెమ్మగిల్లితే పేలదు, మనం 'తుస్సుమంది' అనే దృశ్యమే అది. స్క్విడ్ సముద్రంలో బతికే జీవి. ఎప్పుడు చూసినా తడిగానే ఉంటుంది.