టెక్ సందేహాలు: ముందు దాని వీపు చూపించమనండి

పాత రేడియోల మీద ఉత్తరాలు ఈ మధ్య మరీ ఎక్కువయ్యాయి. అందరూ పంపేది ఒకే ఫొటో: నిగనిగలాడే చెక్క, పసుపు డయల్, నాలుగు నాబ్‌లు. వెనక వైపు ఫొటో మాత్రం ఒక్కరూ పంపరు. ధర ఉండేదేమో అక్కడ.

సందేహం: మేం డాలస్ దగ్గర ఉంటాం. ఎస్టేట్ సేల్‌లో (ఇంట్లోని పాత సామాను అమ్మకంలో) నేల మీద నిలబెట్టే పెద్ద కన్సోల్ రేడియో చూశాను. 1930ల నాటిదట, 900 డాలర్లట. ఏఎం పలుకుతోంది. ఎఫ్ఎం పలకడం లేదు, చిన్న రిపేరే అంటున్నారు. ఫోన్ కెమెరాతో వెతికితే 2,400 డాలర్లు చూపించింది. కొనేయనా?

జవాబు: ఆ చిన్న రిపేరు ఎవరి వల్లా కాదు. మీరు పంపిన ఫొటోను పెద్దది చేసి చూశాను. ఎఫ్ఎం డయల్ మీద 42 నుంచి 50 దాకానే అంకెలున్నాయి. అమెరికాలో ఎఫ్ఎం మొదట్లో అక్కడే ఉండేది. 1945లో అక్కడి ప్రసారాలను నియంత్రించే ఎఫ్‌సీసీ దాన్ని 88 పైకి తరలించింది. అంటే సెట్టు చెడిపోలేదు, ఆ అంకెల దగ్గర స్టేషన్లే లేవు. యుద్ధం కోసం 1942 ఏప్రిల్‌లో అక్కడ ఇళ్లకు రేడియోలు చేయడం ఆపేశారు కాబట్టి, మీరు చూసింది 1940కి కాస్త అటూ ఇటూ వచ్చినదే అయ్యుంటుంది.

వయసు తేల్చడానికి ఇలాంటి గుర్తులు చాలు. ఫిల్కో కంపెనీ సెట్లలో 38-, 39-, 40- అని మొదలయ్యే మోడల్ నంబర్‌లోనే సంవత్సరం ఉంటుంది. ఎనిమిది పిన్నుల ఆక్టల్ ట్యూబులు (మనం వాల్వులంటాం) 1935లో వచ్చాయి. అన్నీ అవే ఉంటే సెట్టు అంతకంటే పాతది కాదు. లోపల అంటించిన కాగితం మీద ఏ ట్యూబు ఎక్కడుండాలో గీసి ఉంటుంది, దాంతో పోల్చి లెక్కపెట్టండి. గాజు లోపల వెండి అద్దంలా మెరిసే మచ్చ తెల్లగా పాలిపోయిందంటే గాలి దూరినట్టే, ఆ ట్యూబు పోయింది.

ఇక ధర. కెమెరా యాప్‌కి తెలిసింది పోలిక ఒక్కటే. పోలిక ఉన్న సెట్టుకి ఎవరో అడుగుతున్న ధర తెచ్చి మీ ముందు పెడుతుంది. అడగడానికేం, కోటి అయినా అడుగుతారు. ఈబేలో 'సోల్డ్ ఐటమ్స్' టిక్ పెట్టి చూడండి, అసలు కథ తెలుస్తుంది. మామూలు చెక్క కన్సోల్‌కి నేనైతే 100 నుంచి 300 డాలర్లు దాటను. సైజు పెద్దదైతే ధరా పెద్దదే అనుకుంటారు గానీ, ఇరవై కిలోల బరువు మోసుకెళ్లి ఇంట్లో పెట్టుకునేవాళ్లు తక్కువ. బల్ల మీద పెట్టుకునే రంగురంగుల క్యాటలిన్ (ఒక రకం పాత ప్లాస్టిక్) బుల్లి సెట్లకే గిరాకీ ఎక్కువ. 1935 నాటి జెనిత్ స్ట్రాటోస్ఫియర్ లాంటివి వేరే సంగతి. 25 ట్యూబులు, అప్పట్లోనే 750 డాలర్లు. ఆ డబ్బుకి కొత్త ఫోర్డు కారే వచ్చేది. మీది అది కాదు.

ఒకవేళ కొన్నా, ఇంటికి రాగానే ప్లగ్గు పెట్టకండి. మైనం పూసిన కాగితపు కెపాసిటర్లు ఎనభై ఏళ్లకి లీకవుతాయి, వైరు మీది రబ్బరు ముట్టుకుంటే పొడిగా రాలుతుంది. సిరీస్‌లో ఫిలమెంట్ బల్బు పెట్టి మెకానిక్ చేత పరీక్ష చేయించండి. బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే సరే, భగ్గున అలాగే వెలుగుతుంటే షార్ట్.

సందేహం: తెనాలిలో మా తాతగారి వాల్వు రేడియో ఉంది. ఒకాయన వీడియో కాల్‌లో చూసి, లోపల ఎర్ర వాల్వు ఉంది, అందులో రెడ్ మెర్క్యురీ ఉంటుంది, 15 లక్షలిస్తానన్నాడు. అడ్వాన్స్ కోసమని క్యూఆర్ కోడ్ పంపాడు.

జవాబు: స్కాన్ చేయకండి. నెలకి నాలుగైదు ఉత్తరాలు ఇవే వస్తున్నాయి, చదివినప్పుడల్లా ఒళ్లు మండుతోంది. రెడ్ మెర్క్యురీ అనే పదార్థమే లేదు. వెల్లుల్లి దగ్గర పెడితే దూరం జరుగుతుందట, బంగారం వైపు పాకుతుందట, అద్దంలో కనబడదట! 2009లో సౌదీలో ఇదే పుకారు పుట్టి, జనం పాత సింగర్ కుట్టుమిషన్ల కోసం ఎగబడ్డారు. ఎర్ర వాల్వు సంగతంటారా, 1930ల చివర్లో ఫిలిప్స్ కొన్ని వాల్వులకు గాజు మీద లోహపు పూత వేసి, దానిపై ఎర్ర రంగు వేసేది. పూత పక్క వాల్వుల గోల అంటకుండా. అంతే.

డబ్బు మీకు రావాలంటే పిన్ కొట్టే పనే లేదు. పిన్ అడిగిందంటే పోయేది మీ డబ్బే. ఇప్పటికే కొట్టేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. అది రేడియో తయారైన సంవత్సరం కాదు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్.

డయల్ గాజు మీద విజయవాడ పేరుందేమో చూడండి. ఆ స్టేషన్ మొదలైంది 1948 డిసెంబరు 1న. పేరుంటే సెట్టు ఆ తర్వాతదే. మరో మాట, ఏసీ/డీసీ సెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఛాసిస్‌కే, అంటే లోపలి ఇనుప చట్రానికే కరెంటు తగులుతుంది. నాబ్ ఊడిపోయి స్క్రూ బయటపడితే పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

సందేహం: పాత రేడియో లోపలి సామానంతా తీసేసి బ్లూటూత్ పెట్టించొచ్చా?

జవాబు: పెట్టించొచ్చు. ఆ తర్వాత నాకు ఫొటో పంపకండి. 2017లో నేనూ ముచ్చటపడి పాతకాలపు చెక్క పెట్టెలా కనిపించే వైఫై రేడియో కొన్నాను. స్టేషన్ల జాబితా మొత్తం కంపెనీ సర్వర్‌లోనే ఉండేది. మూడేళ్లకి ఓ అప్‌డేట్ వచ్చింది, ఆ తర్వాత సర్వర్ ఆపేశారు. మెయిల్ పెడితే కొత్త మోడల్ కొనమన్నారు. స్పీకరు బాగుంది, నాబ్‌లు తిరుగుతున్నాయి, అయినా పాట రాదు. అప్పటి నుంచీ ప్లగ్గు పెట్టినప్పుడల్లా 'కనెక్ట్ అవుతోంది' అంటూనే ఉంది.