పిన్ని పులిహోర, ఇంగువ డబ్బా

"సీలియాక్ ఉన్నవాళ్ళు గోధుమ కొంచెం తింటే ఏమవుతుంది, అది ఎలర్జీయే కదా?" అని అడిగారు. ఎలర్జీ కాదండీ, గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ తింటే ఒంటి రక్షణ వ్యవస్థే చిన్నపేగును దెబ్బతీసే జబ్బు. ఆరేళ్ళుగా దీంతో కాపురం చేస్తున్నాను, ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. ఎలర్జీ అనగానే జనం "సెట్రిజిన్ వేసుకుని తినెయ్" అంటారు.

రెండేళ్ళ కిందట పిన్నివాళ్ళ గృహప్రవేశానికి తెనాలి వెళ్ళాం. బొబ్బట్లు, రవ్వకేసరి నేను ముట్టనని పాపం నాకోసం విడిగా పులిహోర కలిపింది. బాగుందని మారు వడ్డించుకున్నాను. తిరుగు ప్రయాణంలో మంగళగిరి దాటకముందే వాంతులు. రోడ్డు పక్కన కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నేను, నీళ్ళ సీసాతో మా ఆయన. మూడు రోజులు మంచం దిగలేదు.

ఫోన్ చేస్తే పిన్నికి ఏడుపొక్కటే తక్కువ. "నీకోసం వేరే గిన్నెలో చేశానే! బియ్యం, చింతపండు, పోపు తప్ప ఏముందే అందులో?" పోపు డబ్బాలు ఒక్కోటీ చదివి చెప్పమన్నాను. ఇంగువ దగ్గర ఆగిపోయింది. వెనక సన్నక్షరాల్లో గోధుమపిండి! బజార్లో దొరికే పొడి ఇంగువలో చాలావాటికి అదే కలుపుతారు. గవ్వలు వేయించిన నూనెలోనే అప్పడాలూ వేయించారు, దోషి అదేనంటాడు మా ఆయన. నా ఓటు ఇంగువకే.

గ్లూటెన్‌లో భాగమైన గ్లయాడిన్‌ని ఎవరి పొట్టా పూర్తిగా అరిగించలేదు, మీదీ అంతే. 33 అమైనో ఆమ్లాల ముక్కొకటి ఎంజైములకు లొంగకుండా మిగులుతుంది. మీకు దాంతో పేచీ లేదు. నాకేమో పేగు గోడలో ట్రాన్స్‌గ్లూటమినేజ్ అనే ఎంజైము, అందరికీ ఉండేదే, ఆ ముక్కలో గ్లూటమిన్‌ని గ్లూటమిక్ ఆమ్లంగా మార్చగానే అది రక్షణ వ్యవస్థలోని టీ కణాలకు ముక్కల్ని చూపించే డీక్యూ2 అనే అణువుకు గట్టిగా అతుక్కుంటుంది. (డీక్యూ2 ఉన్న అందరికీ ఈ జబ్బు రాదు, నా ఖర్మ.) దాన్ని చూసి టీ కణాలు రెచ్చిపోయి ఇంటర్‌ఫెరాన్ గామా అనే వాపు రసాయనం వదులుతాయి, పేగు గోడలోని లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు సొంత కణాల్నే చంపుతాయి. పైగా యాంటీబాడీలు ఆ సొంత ఎంజైము మీదే తయారవుతాయి. రక్తపరీక్షలో వెతికేది వాటినే. ఒకసారి పగబట్టిన టీ కణాలు మర్చిపోవు. అందుకే "పండగ పూట ఒక్క ముక్క" లెక్క నాకు చెల్లదు.

చిన్నపేగు లోపల టర్కీ తువ్వాలులా పోగులు పోగులుగా ఉండాలి. నాది అరిగిన పంచెలా అయింది. ఇక ఇనుము ఎలా పీల్చుకుంటుంది? నాలుగేళ్ళు మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ 8 దాటలేదు. "అన్నం తినేవాళ్ళకి ఇది రాదమ్మా, ఉత్తరాది జబ్బు" అన్నారొక డాక్టరుగారు. అక్కడ ఎక్కువన్నది నిజమే. కానీ నాన్నకు షుగరొచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో రాత్రి అన్నమెక్కడిది, అందరికీ పుల్కాలేగా!

ఇక ఒళ్ళు తగ్గడానికి గ్లూటెన్ ఫ్రీ బిస్కెట్లు కొనే బ్యాచ్ వేరే. జొన్నరొట్టె, రాగిసంకటి, ఇడ్లీ ఎప్పట్నుంచో గ్లూటెన్ లేనివే, మూడింతల ధర పెట్టక్కర్లేదు.

మీకు అనుమానముంటే గోధుమ తింటూండగానే టీటీజీ పరీక్ష (ఆ యాంటీబాడీల కోసం చేసే రక్తపరీక్ష) చేయించుకోండి. మానేశాక యాంటీబాడీలు తగ్గిపోతాయి. మా ఆడపడుచు ఏడాదిపాటు మానేసి వెళ్ళింది, నార్మల్ అని వచ్చింది. ఇప్పుడు ధీమాగా పూరీలు లాగిస్తోంది.