ట్రీట్‌మెంట్ అయిపోయాక అమ్మకి భయం: మైండ్‌ఫుల్‌నెస్ క్లాసు పనికొస్తుందా?

రొమ్ము క్యాన్సర్‌కి కీమో, రేడియేషన్ అన్నీ అయిపోయి రిపోర్టులు బాగున్నా మీ అమ్మగారికి రాత్రిళ్ళు నిద్ర లేదు, మైండ్‌ఫుల్‌నెస్ (ఒంట్లో, మనసులో ఇప్పుడేం జరుగుతోందో ఉన్నదున్నట్టు గమనించే ధ్యానం) క్లాసులో చేర్పిస్తే ఉపయోగమా, డబ్బు దండగా అని అడిగారు. నాదీ అదే జబ్బు, ఎడమ వైపు, ఆపరేషన్ అయి నాలుగేళ్ళు. మాది తిరుపతి.

నాకు పనికొచ్చింది. కానీ భయం పోతుందని మాత్రం చేర్పించకండి. ఇప్పటికీ చెకప్‌కి వారం ముందు నుంచి నాకు కడుపులో దేవినట్టే ఉంటుంది.

ట్రీట్‌మెంట్ జరిగినన్నాళ్ళు ఏ రోజు కీమో, ఏ రోజు రక్తపరీక్ష అనే లెక్కల్లోనే గడిచిపోయింది. "ఇక మూడు నెలలకి రండి" అన్నాక మొదలైంది టెన్షన్. నడుం నొప్పి వస్తే ఎముకలకి పాకిందేమో, దగ్గొస్తే ఊపిరితిత్తులకేమో. చుట్టాలేమో "నయమైపోయింది కదా, ధైర్యంగా ఉండు" అంటారు, మంచికే అంటారులెండి, వినీ వినీ విసుగొచ్చేది.

అప్పుడు ఆన్‌లైన్‌లో ఎనిమిది వారాల కోర్సు చేశాను. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన మసాచుసెట్స్ మెడికల్ స్కూల్లో మొదలుపెట్టిన పద్ధతి. మొదటి క్లాసులోనే "బాడీ స్కాన్" అన్నారు, గుండె గుభేలుమంది, మళ్ళీ స్కానా అని! తీరా చూస్తే మిషనేం లేదు, వెల్లకిలా పడుకుని కాలివేళ్ళ నుంచి తల దాకా ఒక్కో చోట ఏమనిపిస్తోందో గమనించడమే. అంతా బాగానే ఉండేది గానీ చంక దగ్గరికొచ్చేసరికి కష్టం. గ్రంథులు తీసినప్పటి నుంచి అక్కడ మొద్దుబారిపోయింది, ముట్టుకుంటే గుడ్డ మీద నుంచి ముట్టుకున్నట్టుంటుంది. అక్కడికి రాగానే లేచి కూర్చునేదాన్ని. "స్పర్శ లేకపోతే లేదనే గమనించండి, దాటిపోవాలనిపిస్తే దాటిపోండి" అంది టీచరు. ఒకరోజు దాటకుండా ఆగాను. బాగా ఏడుపొచ్చింది. కాసేపటికి పక్కింటి కుక్కర్ విజిల్ వినపడింది, ఏడుపు ఎప్పుడు ఆగిందో తెలీలేదు.

ఇప్పుడు నడుం పట్టేస్తే నొప్పి వేరుగా, దాని చుట్టూ నేను అల్లే కథ వేరుగా కనిపిస్తాయి. అన్నిసార్లూ కాదు. 2023లో అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం అస్కో కూడా క్యాన్సర్ వచ్చినవాళ్ళ ఆందోళనకి, దిగులుకి మైండ్‌ఫుల్‌నెస్‌ని సూచించింది. గడ్డని కరిగిస్తుందని కాదు, అలా చెప్పేవాళ్ళ దగ్గర, మందులు మానేయమనేవాళ్ళ దగ్గర ఒక్క నిమిషం కూడా కూర్చోనివ్వకండి.

"గోవింద నామం చాలదా" అంది మా అత్త. అలిపిరి మెట్లు ఎక్కేటప్పుడు మనసుని నామం మీద పెడతాం, ఇక్కడ మోకాలి నొప్పినీ చూడమంటారు, తేడా అదే. అమ్మగారికి జపమే నప్పితే అదే చేయనివ్వండి.

నిద్ర సంగతి ముందు డాక్టర్‌కి చెప్పండి, రొమ్ము క్యాన్సర్ మళ్ళీ రాకుండా ఇచ్చే హార్మోన్ మాత్రలు వేసుకుంటుంటే రాత్రి ఒళ్ళంతా వేడెక్కి మెలకువ రావచ్చు, నాకు అలాగే ఉండేది. తిండి మానేసి, బతికి ఏం లాభం అంటుంటే మాత్రం ముందు సైకియాట్రిస్ట్, కోర్సు తర్వాత.

ఇంకొకటి, ఆవిడని అడిగి చేర్పించండి. మా అబ్బాయి నాకు చెప్పకుండా ఫీజు కట్టేశాడు, మొదటి క్లాసంతా వాడి మీద కోపంతోనే కూర్చున్నాను.